చెంబెడు వేడినీళ్ళు

ఈ ఉదయం కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకుతుంటే, ఆ గరగర చప్పుడుకి తాతయ్య గుర్తొచ్చాడు.

అమెరికాలో, నోవై ఊళ్ళో నా తొమ్మిదో ఏట, నాన్న ఆఫీస్‌కి బయలుదేరేలోపు ఆ మంచు గీకడం నా పని. ఓ రోజు బద్ధకించి, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన తాతయ్యను పిలిచాను. "తాతయ్యా, హాట్ వాటర్ పోస్తే మెల్ట్ అవుతుంది కదా?"

"అదెంతసేపు! ఉండు," అంటూ ఆయన చెంబుతో మరిగే నీళ్ళు తెచ్చి పోశాడు. అద్దం టప్పున పగిలింది.

"ఎవరు పోయమన్నారు నాన్నా మిమ్మల్ని?" నాన్న అరిచాడు.

తాతయ్య నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

"నాకే తోచిందిరా," అన్నాడు.

తప్పు తనదేనని ఆయన నమ్మాడనే అప్పట్లో అనుకున్నాను. ఆ చలికాలమంతా ఆయన కారు దగ్గరికే రాలేదు.

తాతయ్య ఇప్పుడు లేడు. మొన్న నాన్న, తాతయ్య తనకే తోచి అద్దం పగలగొట్టాడంటూ ఆ కథ నా కొడుక్కి చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.