సున్నం వేయని గీత

మా వీధి సున్నమక్క పోయింది. మొన్నటి వానకు నాని ఉన్న వెనకగోడ పొద్దున ఏడింటికి ఆమె మీద పడింది. ఆ సమయానికి నేను పక్కనే మా ఇంటి అరుగు మీద టీ తాగుతున్నాను. లారీ మీంచి మూటలు దొర్లినట్టు చప్పుడైంది. ముప్పై ఏళ్ళు రేణిగుంట గోడౌన్లలో మూటలు మోసినవాణ్ణి, బరువు పడిన చప్పుడు నాకు తెలుసు. లేచి వెళ్ళి చూస్తే దుమ్ము కూడా లేవలేదు. తడిగోడ కదా, దుమ్ము లేవదు.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. రాయడం నాకు అలవాటు లేదు. అయినా ఆమె గురించి ఇంకొకరు రాయడం నాకు ఇష్టం లేదు. ఆ గోడ పడటంలో నా పాలు ఉంది.

సున్నం కొట్టడం ఆమె వృత్తి. తిరుపతిలో ఆమె చెయ్యి పడని సత్రం తక్కువ. పులికాట్ వైపు నుంచి గుల్లసున్నం తెప్పించి, తొట్టిలో నీళ్ళు పోసి ఉడికించి, పాత పంచెతో వడకట్టేది. తుమ్మ జిగురు, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు కలిపేది. ఈతమట్ట నలగ్గొట్టి కుంచె తనే చేసుకునేది. ఎవరింటికి వెళ్ళినా మొదటి రోజు కుంచె ముట్టదు. గోడంతా నీళ్ళు పోసి కడుగుతుంది. ఇంటివాళ్ళు తొందరపెడితే ఒకటే మాట: "గోడకి ముందు స్నానం, ఆనక సున్నం. మురికి మీద కొడితే రేపు పైకి తేలి నవ్వుతాది."

నోరు మాత్రం మంచిది కాదు. ఓట్ల కోసం వచ్చిన కార్పొరేటర్ ఆమె కాళ్ళకు దండం పెడితే, "పోయినసారి చేతులెత్తి మొక్కినావు, ఈసారి కాళ్ళు పట్టినావు. వచ్చేసారికి ఏం మిగిల్చుకున్నావప్పా?" అని వీధి అందరి ముందూ అడిగింది. అందరం నవ్వాం. కార్పొరేటర్ కూడా నవ్వాడు. వెనకున్న అతని మనిషి మాత్రం నవ్వలేదు.

మా వీధి ఉన్నచోట పూర్వం వంక పారేది. దాన్ని పూడ్చి ఇళ్ళు కట్టుకున్నాం. నేనూ కట్టుకున్నాను. కొన్నేళ్ళ కింద పెద్ద వరద వచ్చిన ఏడు, కొండ మీంచి దిగిన నీళ్ళు పాత దారిని మరిచిపోలేదు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాను. నా ఇంటిది కూతురి దగ్గరికి పోయి ఉంది. కాలి మీద ఎవరో కర్రతో కొట్టినట్టయి లేచాను. సున్నమక్క. ఆమె నడుము దాకా నీళ్ళు. నా మంచం అప్పటికే తేలుతోంది.

"లెయ్యప్పా. కాటికి పోయేదుంటే పొడిగా పో."

నా మోకాళ్ళు మూటలకు అరిగిపోయినవి. ఆమె నన్ను చంకకింద చెయ్యేసి లాక్కుపోయింది. నాకంటే రెండేళ్ళు పెద్దది, మనిషి సగం ఉండదు. ఆమె ఇల్లు మా ఇంటి కంటే రెండు మెట్లు ఎత్తు. అక్కడ నీళ్ళు మోకాలి దాకా వచ్చి ఆగాయి. సున్నం పీపా బోర్లించి నన్ను దాని మీద కూర్చోబెట్టింది. చూస్తే గుల్లసున్నం గంపలన్నీ అప్పటికే అటక మీద ఉన్నాయి.

"ముందు సున్నం ఎక్కించి, తర్వాత నా దగ్గరికి వచ్చినావా?" అన్నాను. నాకు రోషం వచ్చింది.

"సున్నం తడిస్తే ఇల్లంతా ఉడికిపోతాది. నువ్వు తడిస్తే ఏముండాది? ఆరతావు."

చీకటి పడేలోపే నీళ్ళు తీశాయి. బురద మిగిలింది. మరునాడు కార్పొరేటర్ మనిషి వీధంతా తిరిగి చెప్పాడు. దెబ్బతిన్న ఇళ్ళ జాబితా రాయడానికి వస్తారు, జాబితాలో ఉన్న ఇళ్ళ గోడల అడుగుకు సిమెంటు కట్టు వేయిస్తారు, నీళ్ళ మరక ఎంత ఎత్తుంటే అంత ముందు, కాబట్టి ఎవరూ గోడలు కడగొద్దు అని. ఈ వీధిలో అన్ని ఇళ్ళకూ రాదని కూడా చెవిలో వేసి పోయాడు. మావన్నీ మట్టితో పేర్చిన ఇటుక గోడలు. నీళ్ళు నిలిచి అడుగు తినేశాయి. జాబితాలో పేరు రాకపోతే గోడ ఎన్ని వానలు నిలుస్తుందో ఎవరికీ తెలియదు.

ఆ వారమంతా వీధి కంపు కొట్టింది. బురద గోడల మధ్యే వండుకున్నాం, తిన్నాం. ఒక్క సున్నమక్క ఇల్లు మాత్రం రెండో రోజుకే కడిగేసి ఉంది, నాలుగో రోజుకు తెల్లగా ఉంది. వాకిట్లో ముగ్గు కూడా వేసింది.

కార్పొరేటర్ మనిషి తల కొట్టుకున్నాడు. "చెప్తే చెవికెక్కదా నీకు? మరకుంటేనే సిమెంటు."

"ఊళ్ళో గోడలన్నీ తెల్లగా చేసినదాన్ని. ఇంటికి మనుషులొస్తాంటే నా గోడ బురదతో చూపించనా? సిగ్గుండొద్దా?"

"సిగ్గు తిని బతుకు అయితే," అన్నాడు.

మా ఇంట్లో నీళ్ళు నడుము దాకా వచ్చాయి. మరక అంతవరకే ఉంది. ఎదురింటివాళ్ళు చెంబుతో బురద చల్లి మరక పెంచుకోవడం చూశాను. ఆమె కుంచె కడిగి అరుగు మీద ఆరబెట్టి ఉంది. తీసుకుపోయి, బురదలో ముంచి, రొమ్ము ఎత్తులో వీధిగోడ పొడుగునా గీత గీశాను. గీత కింద బురద పూశాను. కుంచె కడిగి మళ్ళీ అక్కడే పెట్టాను.

సాయంత్రం ఆమె నా వాకిట్లో నిలబడి గోడ చూసింది. "కడపటికి వచ్చేసరికి వంకర పోయిందే. చెయ్యి వణికిందా?" అని వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

జాబితా రాయడానికి వచ్చినది చిన్న వయసు ఆఫీసరమ్మ. చెడ్డమనిషి కాదు. మా గోడ ఫోటో తీసుకుని, పక్కింటికి వెళ్ళి, తెల్లగోడ ముందు ఆగిపోయింది. గోటితో గీకి చూసింది. సున్నమక్క కడిగిన గోడ అది. కింద ఏమీ లేదు.

"నీళ్ళు వచ్చినట్టు ఏమీ కనబడటం లేదమ్మా."

"వచ్చినాయమ్మా. కడిగి సున్నం కొట్టినా."

"చూసినవాళ్ళు ఎవరన్నా చెబితే రాసుకుంటాను."

సున్నమక్క నావైపు తిరిగింది. "ఈయన ఆ పొద్దు నా ఇంట్లోనే ఉన్నాడు. పీపా మీద కూర్చోని. అడుగు."

"ఎంత వరకు వచ్చాయి పెద్దాయనా?"

మోకాలి దాకా అని చెబితే చాలు. కానీ రెండు మెట్లు ఎత్తున్న ఇంట్లో మోకాలి దాకా అయితే, మా ఇంట్లో రొమ్ము దాకా ఎట్లా వస్తాయి? ఆ లెక్క ఆఫీసరమ్మకు తెలియదా? కార్పొరేటర్ మనిషి ఆమె వెనక నిలబడి నన్నే చూస్తున్నాడు.

"నాకు తెలీదమ్మా. నేను మా ఇంట్లోనే ఉన్నా," అన్నాను.

నా బతుకులో ఒకరికి తలవంచింది లేదని చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు తర్వాత చెప్పుకోలేదు.

సున్నమక్క అరవలేదు. "రాసుకో తల్లీ. ఆయనకి తెలీదంట," అని లోపలికి పోయి, ఆఫీసరమ్మకు స్టీలు గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు కూడా తెల్లగా తోమి ఉంది.

మా గోడ అడుగుకు సిమెంటు పడింది, పైన గీత అట్లాగే ఉండిపోయింది. ఆమె గోడకు పడలేదు. ఆఫీసు చుట్టూ తిరిగింది. మళ్ళీ ఎన్నికలప్పుడు చూద్దామన్నారు.

ఆ తర్వాత ఆమె నన్ను పలకరించే పద్ధతి మారిపోయింది. కుళాయి దగ్గర, కొట్టు దగ్గర, చావు ఇంట్లో కూడా, ఎక్కడ ఎదురుపడినా ఒకటే మాట. "ఏమప్పా, నీళ్ళు యాడిదాకా వచ్చినాయి?" బాగున్నావా అని అడిగినట్టే అడిగేది. నేను నేల చూసేవాణ్ణి. ఆమె నవ్వుకుంటూ పోయేది.

ఆ ఉగాదికి ముందు మా ఇంటికి కుంచె పట్టుకుని వచ్చింది. నేను పిలవలేదు. "ఇల్లు చూడలేకుండా ఉండాది" అని నా ఇంటిదానితో చెప్పి పని మొదలుపెట్టింది. మనసు కరిగిందనుకున్నాను. ఒక రోజు కడిగింది, ఒక రోజు కొట్టింది. మూడో రోజు ఆరిన తర్వాత చూస్తే గోడంతా మల్లెపువ్వులా ఉంది, నేను గీసిన గీత తప్ప. దాని పైనా కిందా అంచు తగలకుండా కడిగి, కొట్టి, వేలెడు వెడల్పున బురద గీతను అట్లాగే వదిలింది. చివర వంకర కూడా పోలేదు.

"ఇదేందక్కా?" అన్నాను.

"అది సర్కారోళ్ళు ఫోటో తీసుకున్న గీత. నేను చెరిపితే కేసవతాది," అంది.

వీధిలో పోయేవాళ్ళందరూ ఆ గీత చూశారు. అడగనివాడు లేడు. చెరిపేద్దామని నేనెన్నో సార్లు అనుకున్నాను. సున్నం కలపడం కూడా ఆమె దగ్గర చూసి నేర్చుకున్నాను. చెయ్యి రాలేదు.

గోడ పడిన రోజు ఇంజనీరు వచ్చి టేపుతో కొలిచాడు. ఇప్పుడు ఆమె ఇల్లు జాబితాలో ఉంది, పూర్తిగా కూలినదని. గోడ అడుగు పాత నీళ్ళకు పోయిందా, ఈ వానకే పోయిందా అని ఎవరినో అడుగుతున్నాడు. నేను ముందుకు వెళ్ళాను.

"ఆ ఏడు ఈ ఇంట్లో మోకాలి దాకా నీళ్ళు నిలిచినాయి సార్. నేను లోపలే ఉన్నా. మా ఇంట్లో నడుము దాకానే. ఆ గీత నేను గీసింది."

అతను మా గోడ వైపు చూశాడు. "ఆ ఫైలు మూసేశారు పెద్దాయనా. ఇప్పుడు దేనికి?" అన్నాడు.

కార్పొరేటర్ పూలదండతో వచ్చాడు. నిలిచి ఉన్న ముందుగోడ దగ్గర ఫోటో దిగాడు. వెనక తెల్లగా బాగా వచ్చిందని అతని మనిషి అన్నాడు.

పదో దినానికి ముందు రోజు నగరి నుంచి వచ్చిన సున్నమక్క కూతురు ఇంటి సామాను సర్దుతూ తొట్టిలో మిగిలిన సున్నం చూసింది. కుంచె కూడా ముందుగోడ మేకుకే ఉంది. రెండూ మా అరుగు దగ్గరికి తెచ్చి, "మామా, ఇంత బాగా కొట్టి అమ్మ ఈ గీత మర్చిపోయినట్టుండాదే. నేను కొట్టేస్తా," అని నేను లేచేలోపు జానెడు మేర కుంచె లాగింది.

"మర్చిపోలేదమ్మా. ఉండనీ," అన్నాను.

ఆ పిల్ల ఆగిపోయింది. కుంచె దించి పక్కన పెట్టింది. తడి సున్నం కింద గీత కనిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆరి తెల్లబడింది. నేను అరుగు మీద కూర్చుని ఆ జానెడునే చూస్తూ ఉండిపోయాను.

ఆ పిల్ల గోడ కడగలేదు. తెల్లారి లేచి చూస్తే, ఆ జానెడులోంచి గీత టీ మరకలా పైకి తేలి ఉంది.