తోలు వార్లు కట్టే జాబే

ఎడారి నడుమ ఉప్పు గనుల ఊరు తఘాజాలో గోడలు ఉప్పు దిమ్మెలు, పైకప్పు ఒంటె చర్మం. అలాంటి కొట్టంలోనే జాబే ముసలివాడయ్యాడు. కుర్రతనంలో అతణ్ని దక్షిణాన నది ఒడ్డున పట్టుకొచ్చి మసూఫా తెగ దొరకు అమ్మారు. మొదట గోతిలో ఉప్పు పలకలు కోశాడు. కాళ్లు పుళ్లుపడి మానకపోవడంతో పైకి తీసి, బిడారు ఒంటెలకు పలకలు కట్టే పనిలో పెట్టారు.

చూసేవాళ్లకు అదేమంత పనిలా కనిపించదు. పలక చుట్టూ నానబెట్టిన పచ్చి తోలు వారు చుట్టాలి. వదులుగా కడితే దారిలో జారిపడుతుంది. తడి మీదే బిగించేస్తే, ఎండకు తోలు ముడుచుకుని పలకను విరిచేస్తుంది. ఎంత వదలాలో జాబే వేళ్లకు తెలుసు. ఆ పనితనమే అతని కొంప ముంచింది.

ఈసారి బిడారుతో దక్షిణానికి, సొంత ఊరికి పంపేస్తానని దొర మాటిచ్చాడు. బిడారు వచ్చింది. సజ్జలు దింపారు. జాబే బిడారు పెద్ద వగ్గాగ్ దగ్గరకు వెళ్లాడు.

"ఏ ఒంటె వెనక నడవమంటారయ్యా?"

వగ్గాగ్ ఖర్జూరం గింజ ఉమ్మేశాడు. "దొర చెప్పలేదా? నువ్వు కట్టిన పలకలు వలాత సంత దాకా విరక్కుండా చేరాయి. మిగతావాళ్లవి ముక్కలైపోయాయి. నిన్ను ఇంకో ఏడు ఉండమన్నాడు."

"పోయినేడూ అదే మాటయ్యా. ఈసారి తప్పకుండా పంపుతానన్నాడు."

"అంత బాగా కట్టమని నీకెవడు చెప్పాడు, ముసలోడా?" వగ్గాగ్ నవ్వాడు.

జాబే వెళ్లి, ఒక పలకకు తడి వారును పళ్లతో లాగి మరీ బిగించాడు. పొద్దెక్కేసరికి పలక టక్కున రెండయింది.

వగ్గాగ్ ముక్కల్ని కాలితో కదిపి చూశాడు. "చెయ్యి తప్పిందే."

"వయసైపోయిందయ్యా. ఇక ఇక్కడ నాతో పనేముంది? తీసుకుపోండి."

"పనికేం కరువు? కట్టలేనోడు కోస్తాడు. గోతిలో మనుషులు చాలట్లేదు."

జాబే తన కాళ్ల వైపు చూసుకున్నాడు. కాసేపటికి ఇంకో పలక దగ్గరకు లాక్కున్నాడు. తోలు వారు చుట్టి, వేలు దూరేంత సందు వదిలి ముడేశాడు. వగ్గాగ్ ఆ సందులో వేలు పెట్టి చూశాడు.

"ఆ, అదీ కట్టంటే."

"విరిగింది దొరకు చెబుతారా?"

"ఒంటె తన్నిందంటాలే. కానివ్వు, ఎండ ముదురుతోంది."

ఒంటెలన్నీ లేచేదాకా జాబే కడుతూనే ఉన్నాడు. చివరి ఒంటె కదిలాక, మిగిలిన తోళ్లు ఎండిపోకుండా ఎత్తి లోపల పెట్టాడు. వచ్చే బిడారుకు కట్టాల్సింది తనే.