పిల్ల ఎలుక కిడ్నీ నీలమైన రోజు

నాచారంలోని మా ల్యాబ్‌లో ముసలి కణాలను పట్టుకునే పని చేసేవాళ్లం. గడ్డకట్టించిన కిడ్నీని ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు ద్రావణంలో వేసి, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో ఒక రాత్రి పెడితే ముసలి కణాలు నీలంగా మారతాయి. వయసులో ఉన్నవి మారవు.

కోసేది, ద్రావణం కలిపేది టెక్నీషియన్ అన్న. లాలాపేట్ నుంచి వచ్చేవాడు. పనిమంతుడు. కానీ అంతకు ముందు నెల ఫ్రీజర్ చెడి శాంపిళ్లు కరిగిపోతే నింద అతని మీదే పడింది. ఇంకొక్కటి పాడైతే కాంట్రాక్టు పొడిగించేది లేదని ల్యాబ్ నడిపే సార్ తేల్చేశారు.

ఆ ఉదయం ఉప్పల్ నుంచి వస్తూనే మైక్రోస్కోప్‌లో చూశాను. ముసలి ఎలుక కిడ్నీ నీలం, సరే. పిల్ల ఎలుకదీ నీలమే!

నా నోరు అసలే మంచిది కాదు. "ద్రావణం ఎలా కలిపావన్నా? ఆమ్లం ఎక్కువైతే అన్నీ నీలమైపోతాయని తెలీదా?" అని అందరూ వినేలా అరిచేశాను.

"మంచిగనే కలిపిన మేడం. పీహెచ్ మీటర్ల రెండుసార్లు సూసిన."

నేను వింటేగా! సార్ విన్నారు. "రెండింటికి నా గదికి రా," అన్నారు అన్నతో.

కోపం చల్లారక, మిగిలిన ద్రావణాన్ని నేనే మీటర్‌లో పెట్టి చూశాను. పీహెచ్ సరిగ్గా ఆరు. ఉండాల్సినంతే. అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం మామూలు ఇంక్యుబేటర్‌లో చోటు లేక, పక్కదాంట్లో పెట్టింది నేనే. అది కార్బన్ డయాక్సైడ్ ఎక్కించేది. ఆ గ్యాస్ కరిగి, రాత్రికి రాత్రే ద్రావణంలో ఆమ్లం పెరిగిపోయింది. కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పే పాఠం అది. ఛీ, నా బతుకు!

వెంటనే చెప్పాలి. చెప్పలేదు. సిగ్గు, దాని వెనకే భయం. ఒంటిగంటయింది. అన్న ఎదురుగానే కూచుని, తుడిచిన బ్లేడునే మళ్లీ తుడుస్తున్నాడు. టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. నా పెరుగన్నమూ అలాగే ఉండిపోయింది.

రెండింటికి అన్న లోపలికెళ్లాడు. అప్పటికిగానీ నేను లేవలేదు. వెనకే వెళ్లి, తలుపు దగ్గరికేసి, "గ్యాస్ ఇంక్యుబేటర్‌లో పెట్టింది నేను సార్. అన్న తప్పేం లేదు," అన్నాను.

సార్ అన్న వైపు తిరిగారు. "సరే, నీ కాంట్రాక్టుకేం కాదు, పో," అన్నారు అతనితో.

బయటికొచ్చాక అన్న థాంక్స్ చెబుతాడనుకున్నాను, సిగ్గులేకుండా.

"పొద్దుగాల అందరి ముంగట ఒర్లిన్రు మేడం," అన్నాడు. "గీ మాట మాత్రం తలుపేసి జెప్పిన్రు."