పాలకూరకు లక్క ముద్ర

ఆ రోజుల్లో నాకు నిబంధనలంటే ఎంత భక్తి అంటే, ఎదురుగా ఉన్న పాలకూర కంటే దాని గురించి రాసిన కాగితాన్నే ఎక్కువ నమ్మేవాణ్ణి. సికింద్రాబాదు కార్ఖానా బస్తీలో అద్దె గది, ఆ ఊళ్లోనే ఒక సర్కారు దవాఖానా వంటశాలకు కూరగాయలు కొనే గుమాస్తా పని, ఇంకా పర్మనెంట్ కాని ఉద్యోగం. కాంట్రాక్టరును వదిలేసి చుట్టుపక్కల రైతుల దగ్గరే కొనాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జీవితమంతా కుర్చీలు, దుప్పట్లు కొన్న మా పెద్దసారు, "సాంపిల్ సీల్ చేసి బీరువాల పెట్టు. వచ్చిన సరుకు దాంతోని కలవాలె. కలవకుంటే వాపస్" అని చెప్పి సెలవు మీద వెళ్లిపోయారు. నేను ఒక పాలకూర కట్టను గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, సంతకం పెట్టి (రెండుసార్లు, భద్రత కోసం) బీరువాకు తాళం వేశాను.

పదో రోజు పొద్దున్నే, ఊరి నుంచి తొలి బస్సులో ఒక పెద్దమ్మ గంపెడు లేత పాలకూర తెచ్చింది. పోల్చి చూడాలి కదా! బీరువాలోని మూట తీసి విప్పాను. లోపల నల్లటి ముద్ద. వంటశాల చాచా ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. నేను మాత్రం చలించకుండా రిజిస్టరులో రాశాను: "సరుకు నమూనాతో సరిపోలలేదు. తిరస్కరించడమైనది."

పెద్దమ్మ ఆ ముద్దను చూసింది, నన్ను చూసింది. "గంతేనా సారూ? గీ గంప గీడనే పెడ్త. పది దినాలల్ల గట్లనే అయితది, అప్పుడు తీసుకో." అంతలోనే గొంతు మారింది. "ఎండెక్కితే ఇది గడ్డే బిడ్డా. నేనేడ అమ్ముకోవాలె?"

తీసుకుంటే నా ఉద్యోగం పోతుంది, తీసుకోకపోతే ఆమె పంట. చాచా గరిటె పట్టుకుని, "జల్దీ చెప్పు బేటా. పేషెంట్ల పప్పుల ఏది ఎయ్యాలె? గంపలదా, బీరువాలదా?" అన్నాడు.

రాసింది కొట్టేసి మళ్లీ రాశాను: "నమూనా సరుకుతో సరిపోలలేదు. నమూనాను తిరస్కరించడమైనది."

పెద్దసారు రాగానే మెమో ఇచ్చారు, నమూనాను తిరస్కరించే అధికారం నీకెక్కడిదని. నా పర్మనెంటు ఆర్నెల్లు వెనక్కి పోయింది. ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి పాలకూర కట్ట పట్టుకుని, "సార్, సాంపిల్ ఎక్కడ పెట్టాలె?" అంది. "పప్పుల" అన్నాను. ఆ అమ్మాయి వెళ్లాక, లక్క కరిగించుకుంటూ కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అంత శ్రద్ధగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదు.