గంట పరీక్ష

అబిడ్స్‌ ఫుట్‌పాత్‌ మీద పాత పుస్తకాల మధ్య ఇత్తడి చేతిగంట కనబడితే, మోగకుండా పట్టుకుని చేతిలోకి తీసుకున్నాను.

నా చిన్నప్పుడు నాంపల్లి దవాఖానలో డాక్టరు మూడేళ్ల తమ్ముడి వెనక గంట కొట్టాడు. వాడు కదల్లేదు. ఈ పరీక్ష తప్పితే వాణ్ణి ఇంటికి పంపరనుకున్నాను. రెండోసారి కొట్టగానే వాడికి ఎదురుగా నిలబడి, వెనక్కి చూడమని కళ్లతో సైగ చేశాను. తిరిగాడు.

"ఇన్నడు సార్, ఇన్నడు!" అంది అమ్మ.

డాక్టరు నన్ను బయటికి పంపేశాడు. తలుపు వెనక గంట మళ్లీ మళ్లీ మోగింది.

అమ్మ తమ్ముణ్ణెత్తుకుని వచ్చి బెంచీ మీద కూలబడింది. పక్కనే చెవిటి కూతురితో కూర్చున్న ఒకావిడ అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏడ్వమ్మా. నా బిడ్డప్పుడు నన్ను ఎవ్వలు ఏడ్వనియ్యలే."

అమ్మ భోరుమంది. అమ్మను ఏడిపిస్తోందని ఆమె చేతిని గిల్లాను. ఆమె వదల్లేదు.

అందరం తమ్ముడి చెవులనే చూశాం. ఆ రోజు అమ్మను చూసింది ఆమె ఒక్కతే.