కోబినా చావుకి వచ్చిన కెంకే ఆర్డర్లు

కోబినా బతికినన్నాళ్ళూ ఒకరి చావుకి వెళ్ళిన మనిషి కాదు. సెకొండిలో అది చిన్న తప్పు కాదు. శనివారం వచ్చిందంటే ఊరు ఊరంతా చావు బట్టలు ఎరుపూ నలుపూ కట్టుకుని ఎవరో ఒకరి చావు షామియానా కింద కూర్చుంటుంది. ఈయన మాత్రం రైల్వే వర్క్‌షాపులో వడ్రంగం ముగించుకుని ఇంటికొచ్చి, వాకిట్లో కూర్చుని ఏ కుర్చీ కాలో నునుపు చేసుకునేవాడు. మైకుల మోత తనకి పడదనేవాడు.

అందుకని ఆయన పోయిన రోజున భార్య అరాబాకి ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఈయన ఎవరి చావుకీ వెళ్ళలేదు, ఈయన చావుకి ఎవరొస్తారు? వేసిన కుర్చీలన్నీ ఖాళీగా ఉంటే, పెట్టెలో పడుకున్న మనిషి ముఖం తను ఎలా చూడాలి?

"నేనున్నాగా, జనాన్ని నేను తెస్తాను," అంది ఆడపడుచు బెంట్సివా.

బెంట్సివా ఒకప్పుడు టైపు నేర్పే బడి నడిపింది. ఇప్పుడు టైపు ఎవరికీ అక్కర్లేదు గనక, పొద్దస్తమానం ఫోన్లో ఉచితంగా దొరికేవాటి వెంట పడింది. ఉచితంగా బొమ్మలు చేసే యాపు, ఉచితంగా వ్యాపారం పెంచేది, ఉచితంగా సలహాలిచ్చేది, ఏదీ వదలదు. తమ్ముడు ఇంకా బతికుండగానే అరాబా నడిపే కెంకే ముద్దల దుకాణానికి ఒక ఉచిత జవాబు యంత్రం తగిలించింది. ఎవరు ఏ కబురు పంపినా అది వెంటనే నవ్వుతూ జవాబిస్తుంది: "మీ ప్రేమకి ధన్యవాదాలు! వేడి వేడి కెంకే మీకోసమే ఉడుకుతోంది. ఎన్ని కావాలి?"

చావు పోస్టరు కూడా బెంట్సివాయే చేసింది. ఆ ఉచిత నమూనాలో ఒక మూల ఎర్ర నక్షత్రం ఉంది. నక్షత్రంలో 'ఈ శనివారం మాత్రమే! త్వరపడండి!' అని ఉంది.

"అది తీసెయ్యి వదినా."

"రాదే పిల్లా. ఉచితంగా చేసినదానికి అది ఉండి తీరుతుంది. అయినా అందులో అబద్ధమేముంది? ఆదివారం వస్తే వాడు కనిపిస్తాడా?"

అరాబా నక్షత్రం సంగతి వదిలేసి ఫోటో చూసింది. కోబినా నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పళ్ళు తళతళా మెరుస్తున్నాయి.

"ఈయనెవరు?"

"మా తమ్ముడే! నవ్వే ముఖమైతే జనం ఎక్కువ చూస్తారట. ఫోన్లోనే నవ్వించాను."

"ఆయనకి పైన ముందు పన్నే లేదు కదా వదినా."

"ఇప్పుడుంది," అంది బెంట్సివా. ఆ రాత్రికల్లా గోడలన్నిటి మీదా ఆ పన్ను అతికించి వచ్చింది.

పోస్టరు దుకాణం నంబరుతో సహా ఫోన్లలో కూడా తిరిగింది. 'అయ్యో అరాబా, దేవుడు నీకు ధైర్యమివ్వాలి' అని ఎవరో రాశారు. యంత్రం ఊరుకుంటుందా? 'ఎన్ని కావాలి?' అని అడిగింది. రాసినవాళ్ళు కాసేపు తెల్లబోయారు. చావింటి నుంచి అడిగితే వద్దని ఎలా అంటారు? 'నాలుగు చాలమ్మా' అని మర్యాదగా జవాబిచ్చారు. చర్చి పాటల బృందం పెద్దావిడ అందరి తరఫునా కలిపి ఒక బుట్టెడు చెప్పింది. టాక్సీ నడిపే ఫిఫీ అయితే, 'చేప కూడా ఉంటుందా?' అని అడిగాడు.

"ఆపు వదినా దాన్ని!" అని అరాబా గుండె బాదుకుంది.

"పెట్టడమే ఉచితం. ఆపాలంటే డబ్బు కట్టాలంటోంది," అని బెంట్సివా నెమ్మదిగా ఒప్పుకుంది.

అరాబా ఫోన్ పక్కన పెట్టి లెక్క వేసుకుంది. ఆర్డర్ ఇచ్చినవాళ్ళు వస్తారు. కెంకే లేదంటే వచ్చిన దారినే పోతారు. అంటే ఆయన కోసం వేసిన కుర్చీల్లో మనుషులు కూర్చోవాలంటే కెంకే ఉండాలి. కానీ ఆచారం ప్రకారం విధవ తన చాప మీది నుంచి లేవకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు.

ఇంటి పెద్దమ్మలు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి విధవ పొయ్యి దగ్గరికి పోకూడదన్నారు గాని, పొయ్యి విధవ దగ్గరికి రాకూడదని ఎవరూ అనలేదని తేల్చారు. పొయ్యిలూ డేగిశాలూ చాప చుట్టూ చేరాయి. అరాబా కూర్చున్నచోటి నుంచి లేవకుండా పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు చేసి అరటాకుల్లో చుట్టింది. చుడుతూ ఏడ్చింది. ఏడుపు గురించి బెంట్సివా ఏదో సలహా చదివి వినిపించబోతే, ఒక పెద్దమ్మ ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని రొంటిన దోపుకుంది.

శనివారం జనం వచ్చారు. సంచులతో వచ్చారు, గిన్నెలతో వచ్చారు. కుర్చీలు చాలక పక్కవీధి నుంచి తెప్పించారు. కెంకే ఎక్కడని అడిగినవాళ్ళందరికీ అరాబా ఒకటే చెప్పింది: "మట్టి వేశాకే." ఇక ఎవరూ కదల్లేదు.

చిక్కల్లా పోయినవాడి గురించి మాట్లాడే దగ్గర వచ్చింది. పాస్టరు పేరు చదివి ఆగిపోయాడు. మైకు చేతులు మారింది. ఎవరికీ ఏమీ తెలియదు. ఫిఫీ లేచాడు.

"అబద్ధమెందుకు? నేను ఆరు కెంకేలకి వచ్చాను. పెద్దాయన్ని ఎరగను." జనం నవ్వారు. "మీరే చెప్పాలక్కా. ఎలాంటివాడు?"

మైకు అరాబా చేతికొచ్చింది. ఆమె ఎన్నడూ నలుగురిలో మాట్లాడింది లేదు.

"నేను అరటాకులు కడిగేదాన్ని," అంది. "ఆయన తుడిచి పెట్టేవాడు. ఒక్కొక్కటీ. మాట్లాడేవాడు కాదు."

వెనక వరసలవాళ్ళు కుర్చీలు ముందుకి లాక్కున్నారు.

"తడిగుడ్డతోనా?" అడిగింది పాటల పెద్దావిడ.

"పొడిగుడ్డ. తన పాత చొక్కా చించుకునేవాడు. నా పాత బట్టలు అడిగేవాడు కాదు."

"అమ్మో," అన్నారెవరో వెనక నుంచి. కొందరు ఆడవాళ్ళు తమ మొగుళ్ళ వైపు చూశారు.

"కోపమొస్తే?" అడిగాడు ఫిఫీ.

"కుర్చీ చేసేవాడు. ఇంట్లో పద్నాలుగు కుర్చీలున్నాయి."

ఈసారి నవ్వు షామియానా దాటి వినిపించింది. అరాబా కూడా నవ్వింది. నవ్వుతూనే ముఖం కప్పుకుంది. పెట్టె మోసేవాళ్ళు ఎండలో నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నారు. పొద్దుపోతోందని బెంట్సివా చేతులూపింది. ఎవరూ లేవలేదు. వెనక వరసలో ఒక ముసలాయన గిన్నె కింద పెట్టి చెయ్యెత్తాడు.

"ఎటు తిరిగి పడుకునేవాడమ్మా?"

అరాబా ముఖం మీది గుడ్డ తీసి మైకు దగ్గరికి లాక్కుంది.

"నా వైపే," అంది.