మెడలో కార్డు

శనివారం ఒంటిపూట పని ముగించుకుని సింగపూర్ సిటీబస్సులో సెరంగూన్ బజారుకు వెళ్తున్నాను. పక్కసీటు కుర్రాడు ఫోనులో భార్యతో తెలుగులో "చేపలు తెస్తాలే" అంటున్నాడు. మెడలో కంప్యూటర్ కంపెనీ కార్డు. నలభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, దాన్ని నేను కూడబలుక్కుని చదివేలోగా తీసి జేబులో పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"నేను చదివితే అరిగిపోతుందా అబ్బాయ్?"

"అయ్యో, మీ గురించి కాదంకుల్! ఇది చూస్తే చేపలామె రేటు తగ్గించదు. ఇద్దరు పిల్లల స్కూలు, ఫ్లాట్ రెంటు, అన్నీ ఒక్క జీతంలోనే."

"మీ కంప్యూటరు వాళ్ళకు డబ్బు చెట్లకు కాస్తుందంటారే!"

"మా అత్తగారూ అదే అంటారంకుల్."

అలాంటి కార్డు కోసమే అప్పటికే నా కొడుకును షిప్‌యార్డు పని మాన్పించి కంప్యూటర్ కోర్సులో చేర్చాను. తర్వాత వాడు ఉద్యోగం తెచ్చుకుని, కార్డు మెడలో వేసుకొచ్చి కాళ్ళకు దండం పెట్టినరోజు నా నోట దీవెన రాలేదు.

"బజారుకెళ్ళేటప్పుడు తీసెయ్యరా" అన్నాను.